రాత్రి పదిన్నరకు ఫ్యూజు ఎందుకు పోతుంది?

ప్రశ్న: మాది విజయవాడ పటమటలో 2008లో కట్టిన అపార్టుమెంటు. అయిదు అంతస్తులు, 20 ఫ్లాట్లు. మేము పై అంతస్తులో ఉంటాం. అత్తయ్య, మామయ్య, మావారు, ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి, నేను. ఇంట్లో మూడు ఏసీలున్నాయి. ఎండలు ముదిరిన దగ్గర నుంచి రోజూ రాత్రి పదిన్నర, పదకొండు మధ్య ఫ్యూజు పోతోంది. ఒక్కోసారి కొన్ని ఫ్లాట్లకే పోతుంది, మిగతా వాళ్ళకు ఉంటుంది. లైన్‌మన్ వచ్చి వేసి వెళ్ళిన పావుగంటకు మళ్ళీ పోతుంది. అందరూ ఏసీలు 26లో పెట్టుకోవాలని అసోసియేషన్ వాళ్ళు చెప్పారు. మా అబ్బాయి 18 పెడతాడు. అలా పెడితే గది త్వరగా చల్లబడుతుంది, కరెంటు ఆదా అంటాడు. 74 ఏళ్ళ మామయ్య అరగంట వేసి ఆపేస్తారు, చెమట పట్టాక మళ్ళీ వేస్తారు. అసలైన పొదుపు అదేనంటారు. ఈసారి బిల్లు 620 యూనిట్లకు వచ్చింది. మా ఒక్క ఇల్లు 26 పెట్టుకుంటే ఒరిగేదేమిటి? మాల్స్‌లో వణుకు పుట్టేంత చల్లగా పెట్టుకుంటుంటే మేమెందుకు ఉక్కపోతలో ఉండాలి? హాల్లో ఉన్న పాత ఏసీ తీసేసి కొత్తది కొనమంటారా?
— ఒక గృహిణి, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేరు వేరు కష్టాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి బిల్లు, రెండోది ఫ్యూజు. నెల మొత్తం మీద ఎన్ని యూనిట్లు కాల్చారన్నది బిల్లు లెక్క. ఫ్యూజుకు నెలతో పని లేదు. ఈ నిమిషంలో మీ అపార్టుమెంటు అంతా కలిపి ఎంత లాగుతోందన్నదే దానికి కావాలి. మధ్యాహ్నం రెండింటికి మీరొక్కరే మూడు ఏసీలూ వేసుకున్నా అది కిక్కురుమనదు. రాత్రి పదిన్నరకు ఇరవై ఇళ్ళ వాళ్ళూ పడకగదుల తలుపులు వేసుకుని రిమోటు నొక్కితే మాత్రం ఊరుకోదు. విద్యుత్తు సంస్థలు వేసవిలో రోజూ చెప్పే గరిష్ఠ డిమాండు కూడా ఇదే వ్యవహారం, కాకపోతే రాష్ట్రం మొత్తానికి. కాబట్టి ముందు ఫ్యూజు సంగతి చూద్దాం.

కొన్ని ఫ్లాట్లకే కరెంటు పోతోందని రాశారు చూడండి, అసలు కిటుకు అక్కడుంది. మీ ఆవరణలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద దాని సామర్థ్యం రాసి ఉంటుంది. 2008లో ఇరవై ఫ్లాట్లకు వేసినది కాబట్టి 100 కేవీఏ అనుకుందాం. అది మూడు ఫేజులుగా, అంటే మూడు వేరు వేరు తీగల మీద, కరెంటు ఇస్తుంది; ఒక్కో ఫేజుకు ఒక్కో ఫ్యూజు. ఒక్కో ఫేజు సుమారు 135 ఆంపియర్లు మోయగలదు. ఒకటిన్నర టన్నుల ఏసీ, కంప్రెసర్ పూర్తిగా తిరుగుతున్నప్పుడు, దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఫ్రిజ్జులు, ఫ్యాన్లు, టీవీలు ఏవీ లేవనుకున్నా ఒక ఫేజు మీద పందొమ్మిదికి మించి ఏసీలు ఏకకాలంలో నడవకూడదు. ఇరవై ఫ్లాట్లను మూడు ఫేజులకు పంచినప్పుడు ఒకదాని మీద ఎనిమిది ఇళ్ళు పడ్డాయనుకోండి. ఇంటికి మూడు చొప్పున ఇరవై నాలుగు ఏసీలు, 168 ఆంపియర్లు. ఫ్యూజు పోకపోతేనే ఆశ్చర్యపోవాలి.

తరువాతి అంకం మీకు తెలిసే ఉంటుంది. చీకటిలో ఉన్న ఆ ఎనిమిది ఇళ్ళలో ఇద్దరు ముగ్గురికి చేంజోవర్ స్విచ్చు ఉంటుంది. వాళ్ళు దాన్ని తిప్పి పక్క ఫేజు మీదకు వెళ్ళిపోతారు. అప్పటిదాకా బాగానే ఉన్న ఆ ఫేజు మీద మరో ఆరో తొమ్మిదో ఏసీలు పడతాయి. కాసేపటికి అదీ పోతుంది. తమ ఇంట్లో దీపం వెలిగించుకోబోయి పక్కింటి దీపం ఆర్పడమంటే ఇదే.

వేసిన ఫ్యూజు పావుగంటకే మళ్ళీ ఎందుకు పోతోందో చెబుతాను. కరెంటు పోకముందు కొన్ని గదులు చల్లబడి ఉంటాయి. ఆ గదుల్లో కంప్రెసర్లు కాసేపు తిరుగుతూ, కాసేపు ఆగుతూ ఉంటాయి. అందరివీ ఒకేసారి తిరగవు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగో నెట్టుకొస్తుంది. అరగంట కరెంటు లేకపోయేసరికి గదులన్నీ వేడెక్కుతాయి. కరెంటు రాగానే ఇక ఆగేది ఒక్కటీ ఉండదు, అన్ని కంప్రెసర్లూ పూర్తి బలంతో తిరుగుతాయి. అందులో పాత రకం ఏసీలు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి నాలుగైదు రెట్ల కరెంటు లాగుతాయి. పోయినప్పటి లోడు కన్నా వచ్చినప్పటి లోడు ఎక్కువన్నమాట.

దీనికి ఖర్చు లేని మందు ఉంది. కరెంటు పోగానే ఎవరింట్లో వాళ్ళు ఏసీ ఎంసీబీ (బోర్డులో ఏసీకి విడిగా ఉండే స్విచ్చు) దించేయాలి. ఆగిన ఏసీ దానంతట అదే మొదలయ్యే సదుపాయం ఇప్పుడు చాలా వాటిలో ఉంటుంది కాబట్టి రిమోటుతో ఆపితే చాలదు, ఎంసీబీయే దించాలి. కరెంటు వచ్చాక ముందు ఫ్యాన్లు వేసుకోండి. పది నిమిషాల తరువాత కింది రెండు అంతస్తుల వాళ్ళు, మరో పది నిమిషాలకు మధ్యవాళ్ళు, ఆపైన మీరు ఏసీలు వేసుకోవచ్చు. పై అంతస్తు వాళ్ళకు చివరి వంతు అన్యాయమనిపిస్తే రోజుకొక వరస పెట్టుకోండి. 26 గురించి చెప్పిన అసోసియేషన్ వాళ్ళు దీన్ని కూడా చెబితే లైన్‌మన్ రాత్రిపూట రెండోసారి రావలసిన పని తప్పుతుంది.

ఇక లావు తీగ వేసేయమని లైన్‌మన్‌ను బతిమాలే పెద్దమనిషి ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరుంటారు. ఆయన మాట వినకండి. ఫ్యూజు పోవడం వల్ల మీకు అరగంట ఉక్కపోత. ఫ్యూజు పోకుండా చేస్తే కాలేది ట్రాన్స్‌ఫార్మర్. అందులోని నూనె చుట్టూ ఉన్న గాలికి వేడిని వదిలి చల్లబడాలి. రాత్రి పదింటికి కూడా గాలి వేడిగానే ఉండే రోజుల్లో దానికి ఆ వెసులుబాటు తక్కువ. అది కాలిందంటే కొత్తది తెచ్చి బిగించేదాకా ఇరవై ఇళ్ళకూ జాగారమే.

అసోసియేషన్ తరఫున పగటిపూట చేయవలసిన పనులు రెండున్నాయి. మొదటిది, మీ సెక్షన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) కలిసి ఫేజుల మీద లోడు సమంగా ఉందో లేదో కొలిపించడం. రాత్రి పదిన్నరకు మూడు ఫేజుల మీదా ఎన్ని ఆంపియర్లు నడుస్తున్నాయో క్లాంప్ మీటరుతో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఒకటి మోయలేక, మరొకటి ఖాళీగా ఉంటే ఒకటి రెండు సర్వీసులు అటు నుంచి ఇటు మారిస్తే చాలు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చకుండానే సగం ఇబ్బంది తీరిపోవచ్చు. ఫిర్యాదు నమోదు కావాలంటే 1912కు ఫోను చేసి నంబరు తీసుకోండి. లైన్‌మన్‌తో నోటిమాటగా చెప్పింది ఏ కాగితం మీదకూ ఎక్కదు.

రెండోది ఎవరికీ ఇష్టం లేని పని. మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు అని ఒక అంకె ఉంటుంది, చూడండి. ఫ్లాటు కొన్నప్పుడు రెండో మూడో కిలోవాట్లు రాయించుకుని ఉంటారు. ఇప్పుడు మూడు ఏసీలే నాలుగున్నర కిలోవాట్లు. లోడు పెంచమని అడిగితే డబ్బు కట్టాలి కాబట్టి ఎవరూ అడగరు. అడగకపోతే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లెక్కల్లో మీ అపార్టుమెంటు ఇంకా 2008లోనే ఉంటుంది, అదే ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందని వాళ్ళ కాగితాలు చెబుతాయి. ఇరవై మందీ కలిసి అదనపు లోడుకు దరఖాస్తు పెడితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగడానికి మీకు నోరు ఉంటుంది. దరఖాస్తు పెట్టకుండా ఏఈ మీద కేకలు వేస్తే ఆయన మీ బిల్లే తీసి చూపిస్తాడు.

ఇప్పుడు మీ ఇంటి తగవుకు వద్దాం. మీ అబ్బాయి చదివేది ఇంజనీరింగ్ కాబట్టి అతనికి ఇంజనీరింగ్ భాషలోనే చెప్పండి. రిమోటు మీద 18 అంటే గాలి ఎంత చల్లగా రావాలని కాదు, గది ఎంత చల్లబడ్డాక ఆగాలని. 35 డిగ్రీలున్న గదిని 26కు దించేటప్పుడు రిమోటు మీద 18 ఉన్నా 26 ఉన్నా పాత రకం కంప్రెసర్ తిరిగేది ఒకే తీరుగా. ఇన్వర్టర్ ఏసీ (కంప్రెసర్ వేగం మార్చుకోగల కొత్త రకం) అయినా గది బాగా వేడిగా ఉన్నంతసేపు గట్టిగానే తిరుగుతుంది. తేడా అంతా తరువాత వస్తుంది. 26 పెట్టిన గదిలో ఆ చల్లదనం వచ్చాక పాత కంప్రెసర్ ఆగిపోతుంది, ఇన్వర్టర్ అయితే వేగం తగ్గించుకుని మూడో వంతు కరెంటుతో మెల్లగా నడుస్తుంది. 18 పెట్టిన గదికి మే నెల విజయవాడలో, అందులోనూ ఎండకు కాగిన స్లాబు కింద, ఆ 18 తెల్లవారేదాకా రాకపోవచ్చు. కంప్రెసర్ రాత్రంతా ఒగరుస్తూనే ఉంటుంది. గది చల్లబడగానే ఆపేస్తానంటాడు కదా, నిద్రపోయినవాడు ఏమి ఆపుతాడు? తెల్లవారుజామున మీరు వెళ్ళి దుప్పటి కప్పి రిమోటు వెతికి ఆపడం లేదూ?

ట్రాన్స్‌ఫార్మర్‌కు కావలసింది కూడా ఆ ఆగడమే. ఇరవై నాలుగు ఏసీల్లో ఎనిమిది ఏ క్షణంలోనైనా ఆగి ఉంటే పదహారుకు 112 ఆంపియర్లు. ఫ్యాన్లకూ ఫ్రిజ్జులకూ కలిపి ఫ్యూజు నిలబడుతుంది. అందరూ 18 పెడితే ఆగేది ఏదీ ఉండదు. మీ అసోసియేషన్ వాళ్ళు 26 ఎందుకు అన్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పే లెక్క ప్రకారం ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుంది. 2020 జనవరి 1 నుంచి దేశంలో స్టార్ లేబులుతో అమ్మే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా ఉండాలని నియమం కూడా వచ్చింది. కొందరు అది చూసి ఏసీ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిచారట. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్తు శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ 20కి తక్కువ, 28కి ఎక్కువ పెట్టే వీలే లేకుండా చేస్తామన్న ఆలోచన చెప్పినప్పుడు, మా ఇంట్లో మా ఇష్టం అని చాలామంది గుర్రుమన్నారు. నేనైతే ఆ 20 కూడా ఎక్కువ దయే అంటాను.

26లో ఉక్కగా ఉంటుందన్న భయం సగం మీ ఊరి వల్ల వచ్చినది. విజయవాడలో వేడి కన్నా చెమట బాధ ఎక్కువ. గాలిలో తేమ ఉంటే అంకె ఎంత తక్కువైనా జిడ్డుగానే అనిపిస్తుంది. దానికి విరుగుడు సీలింగ్ ఫ్యాను. ఏసీ వేసి ఫ్యాను ఆపేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దాన్ని వెంటనే మానండి. ఫ్యాను గాలి ఒంటికి తగిలితే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నట్లే అనిపిస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు తీసుకుంటుంది. ఏసీ తీసుకునే 1500 ముందు ఇదొక లెక్క కాదు. వాన పడి గాలి చల్లబడినా జిడ్డు పోని రాత్రుల్లో రిమోటు మీద డ్రై మోడ్ వాడి చూడండి. హైదరాబాదులోనో అనంతపురంలోనో అయితే ఏప్రిల్ పొడి ఎండలకు ఎయిర్ కూలరే చాలునని చెప్పేవాణ్ణి. మీ ఊళ్ళో కూలరు గదిలోకి ఇంకాస్త తేమను తోలుతుంది, అంతే.

మామయ్యగారి పద్ధతి కూడా నాకు నచ్చలేదు, కాస్త వేరే కారణంతో. ఆయన పద్ధతి పాత ఏసీకి పెద్ద నష్టం చేయదు. గది చల్లబడితే ఆపడం, వేడెక్కితే వేయడం అందులోని థర్మోస్టాట్ చేసే పనే. అయితే అది డిగ్రీ తేడాకే స్పందిస్తుంది, ఆయన చెమటతో తడిసి లేచాక స్పందిస్తారు. ఇన్వర్టర్ ఏసీకి ఈ పద్ధతి ఇంకా నప్పదు. మెల్లగా నడుస్తూ కరెంటు మిగిల్చే అవకాశం దానికి ఇవ్వకుండా ప్రతిసారీ వేడెక్కిన గదితో మొదలు పెట్టిస్తున్నారు. పైగా 74 ఏళ్ళ వయసులో ఒళ్ళు వేడిని తట్టుకునే తీరు మీలా, మీ అబ్బాయిలా ఉండదు. దాహం సరిగా తెలియదు, రక్తపోటు మందులు వేసుకునేవారైతే ఇంకా జాగ్రత్త కావాలి. 2015 మేలో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఎండలో పని చేయక తప్పని వాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు. పొదుపు పేరుతో పెద్దవాళ్ళ గదిలో ఏసీ ఆపే పని వద్దే వద్దు. వాళ్ళ గదిలో 25 లేదా 26 పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పి, రాత్రంతా నడవనివ్వండి. కోత పెట్టాలంటే కుర్రవాడి గదిలో పెట్టండి, తట్టుకోగలడు.

వేళ గురించి ఒక మాట. కరెంటు రోజంతా ఒకే తీరుగా దొరకదు. పగలు సౌర విద్యుత్తు దండిగా ఉంటుంది. సూర్యుడు అస్తమించగానే అది సున్నా అవుతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్ళలో దీపాలు, టీవీలు, ఏసీలు మొదలవుతాయి. ఆ లోటును బొగ్గు, నీటి కేంద్రాలు పూడ్చాలి, చాలకపోతే ఎంత ధర అయినా పెట్టి కొనుక్కురావాలి. దేశం మొత్తం మీద గరిష్ఠ డిమాండు 2024 మే 30న 250 గిగావాట్లు (రెండున్నర లక్షల మెగావాట్లు) తాకింది. అది మధ్యాహ్నపు ఎండలో కాబట్టి సౌర విద్యుత్తు ఆదుకుంది. అసలు తిప్పలన్నీ సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి దాకానే. (ప్రతి గరిష్ఠానికీ ఏసీలే కారణమని మాత్రం అనుకోకండి. తెలంగాణలో 2025లో డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది మార్చిలో, యాసంగి వరికి పంపుసెట్లు నడిచే రోజుల్లో.)

కాబట్టి మీ అత్తయ్య, మామయ్యల గదిని సాయంత్రం అయిదింటికి, ఎండ ఇంకా ఉండగానే, పరదాలు దించి 25కు చల్లబరచండి. ఏడు దాటాక 27 చేసి ఫ్యాను వేయండి. మళ్ళీ పడుకునే ముందు 26. మీ గది తొమ్మిదింటికే మొదలు పెట్టి పదింపావుకల్లా చల్లబడేలా చూసుకోండి. పదిన్నరకు అపార్టుమెంటు అంతా రిమోటు నొక్కే వేళకు మీ కంప్రెసర్ వేగం తగ్గి ఉంటుంది. ముందుగా వేసినందువల్ల యూనిట్లు ఒకటో అరో పెరగవచ్చు, ఎందుకంటే గోడలు చల్లదనాన్ని దాచుకోవు, కారుస్తాయి. ఇక్కడ మీరు చేస్తున్నది వేళ మార్చడం. యూనిట్లు తగ్గించే పని 26 చేస్తుంది. అలాగే నీళ్ళ మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె రాత్రి తొమ్మిది తరువాత ముట్టుకోకండి. ఓవర్‌హెడ్ ట్యాంకు పదిన్నరకే ఎందుకు నింపాలో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మా ఒక్క ఇల్లు అన్నారు. మీ ఊరి పక్కన ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది కదా. అందులో పాత యూనిట్లు ఆరు, ఒక్కొక్కటీ 210 మెగావాట్లు. 22లో ఉన్న ఏసీని 25కు మారిస్తే, ఆ 6 శాతం లెక్కన, 1500 వాట్లలో దాదాపు 270 వాట్లు మిగులుతాయి. ఎనిమిది లక్షల ఇళ్ళు ఒక్కో ఏసీ విషయంలో ఆ పని చేస్తే 210 మెగావాట్లకు పైనే. ఒక యూనిట్ మొత్తం. అంతమంది మాట వింటారా అంటే, 2022 సెప్టెంబరు 6న కాలిఫోర్నియాలో విన్నారు. వడగాలుల మధ్య ఆ రాష్ట్ర డిమాండు అంతకుముందెన్నడూ లేనంతగా 52 వేల మెగావాట్లు దాటిన సాయంత్రం, కరెంటు కోతలు తప్పవనుకున్న సమయంలో, వాడకం తగ్గించమని జనం ఫోన్లకు ప్రభుత్వం అత్యవసర సందేశం పంపింది. అయిదు నిమిషాల్లో వెయ్యి మెగావాట్లకు పైగా డిమాండు పడిపోయింది, కోతలు తప్పాయి. ఆ సందేశం అక్కడున్న మన తెలుగు ఇళ్ళకూ వెళ్ళే ఉంటుంది. మీ బంధువులెవరైనా ఉంటే అడగండి.

మాల్స్ మీద మీ కోపం న్యాయమైనదే. పెద్ద వాణిజ్య కనెక్షన్ల విషయంలో కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు గరిష్ఠ వేళల్లో ఎక్కువ ధర, సౌర విద్యుత్తు ఉండే వేళల్లో తక్కువ ధర వేయమంటున్నాయి. స్మార్ట్ మీటరు బిగించాక ఇళ్ళకూ ఆ పద్ధతి రావాలన్నది వాటి ఉద్దేశం. వచ్చిన రోజున వేళ మార్చుకునే అలవాటు మీకు డబ్బు మిగులుస్తుంది. అప్పటిదాకా స్వెట్టరు వేసుకుని సినిమా చూడాల్సిన హాలుకు వెళితే మేనేజరును పిలిచి చెప్పండి. ఒకరిద్దరు చెబితే నవ్వుతారు, రోజూ పదిమంది చెబితే సర్దుతారు. జపానులో 2005 నుంచి ప్రభుత్వ కార్యాలయాలు వేసవిలో ఏసీ 28లో పెట్టి, ఉద్యోగులను కోటూ టై విప్పేయమన్నాయి. మన దగ్గర మే నెలలో కోటు వేసుకునే కార్యాలయాల గురించి వేరే ఉత్తరం వస్తే అప్పుడు రాస్తాను.

బిల్లు సంగతి. 2022లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గృహ స్లాబుల ప్రకారం 225 దాటిన ప్రతి యూనిట్‌కూ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. మీ 620 యూనిట్లకు కరెంటు ఛార్జీ ఒక్కటే సుమారు 4,690 రూపాయలు. అందులో చివరి 220 యూనిట్ల వాటా 2,145. అంటే మూడో వంతు యూనిట్లు దాదాపు సగం బిల్లును మింగాయి. మీరు తగ్గించేవి ఎప్పుడూ ఆ చివరి యూనిట్లే కాబట్టి 150 తగ్గించినా 1,460 రూపాయలు మిగులుతాయి. అన్ని గదుల్లో 26, ఫ్యాను, పెద్దవాళ్ళ గది తప్ప మిగతా గదుల్లో ఏసీ తెల్లవారుజామున అయిదింటికి ఆగేలా టైమరు పెట్టడం, ఇవి చేస్తే 150 తగ్గడం అత్యాశ కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఆ పది పదిహేను రోజులు అందరూ ఒకటి రెండు గదుల్లోనే పరుపులు పరుచుకుని పడుకునే ఇళ్ళు మీ ఊళ్ళోనే చాలా ఉన్నాయి. ఒక ఏసీ పూర్తిగా తగ్గిపోతుంది. మీ అబ్బాయి ఒప్పుకోడనుకోండి.

మీరున్నది పై అంతస్తు అని మొదట్లోనే రాశారు. మీ ఏసీలో సగం శ్రమ స్లాబుతో పోరాడడానికే సరిపోతోంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా ఆ వేడిని మీ గదిలోకి దించుతూనే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగ్‌కు అరచెయ్యి ఆనించి చూడండి, నా మాట అక్కర్లేదు. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు గానీ, కనీసం సున్నం గానీ వేయిస్తే ఎండలో ఎక్కువ భాగం తిరిగి వెళ్ళిపోతుంది. గది రెండు డిగ్రీలు తగ్గినా ఏసీకి అది పెద్ద ఊరట. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసం అయిదేళ్ళ విధానమే ప్రకటించింది. డాబా ఇరవై మందిదీ, ఖర్చు కూడా ఇరవై మందిదీ కావాలని అసోసియేషన్ సమావేశంలో అడగండి. ఒప్పుకోకపోతే మీ పైభాగం వరకు మీరే వేయించుకోండి.

ఇక హాల్లో పాత ఏసీ. అది ఇన్వర్టర్ కాని పాతది అనుకుని లెక్క వేస్తాను. రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే అది తొమ్మిది పది యూనిట్లు తీసుకుంటుంది, మంచి అయిదు స్టార్ల ఇన్వర్టర్ అయిదారు యూనిట్లతో సరిపెడుతుంది. రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120, రమారమి 1,150 రూపాయలు. ఏడాదిలో మూడున్నర నెలలు వాడితే నాలుగు వేలు. కొత్త ఏసీ నలభై వేల పైమాటే. అంటే పెట్టిన డబ్బు రావడానికి పదేళ్ళు. కేవలం బిల్లు కోసమే అయితే మార్చకండి. అది వంటగదికి తెరిచి ఉన్న హాలైతే ఏ ఏసీ పెట్టినా గాలికి పోసినట్లే, దాన్ని చుట్టాలు వచ్చినప్పటికి ఉంచుకోండి. రోజూ రాత్రి వాడే పడకగదిలో పాత ఏసీ ఉంటే అప్పుడు ఆలోచించండి. కొనేటప్పుడు స్టార్లతో పాటు లేబుల్ మీద ఏ సంవత్సరానిదో కూడా చూడండి, ఎందుకంటే కొలత కొన్నేళ్ళకొకసారి కఠినమవుతుంది. ఆనాటి అయిదు స్టార్లు ఈనాటి మూడుకు సమానం కావచ్చు. మేలో మాత్రం కొనకండి, ధరా ఎక్కువే, బిగించే మనిషీ దొరకడు. ఈలోగా మూడింటి ఫిల్టర్లూ విప్పి కుళాయి కింద కడగండి, సీజనంతా రెండు వారాలకొకసారి అలాగే చేయండి. పటమట దుమ్ముకు ఆ జాలీ ఎంత మూసుకుపోయి ఉంటుందో చూశాక ఏసీ పాతదైపోయిందన్న మాట వెనక్కి తీసుకున్నా తీసుకుంటారు.